బావ నంబరు ఎత్తిన మనిషి

మా బావ పోయి ఏడాది నిండిన రోజు, ఫిషింగ్ హార్బర్ దగ్గర చెల్లెలి ఇంట్లో ఉన్నాను. సముద్రంలో చేపల వేటకెళ్లినప్పుడు బావ పాడుకుని రికార్డు చేసిన పదిహేడు పాటలు ఒక యాప్‌లో ఉన్నాయి. ఆయన ఫోన్ పాడైంది. కొత్త ఫోన్‌లో పాటల పేర్లన్నీ కనిపించాయి గానీ ఒక్కటీ మోగలేదు. బావ నంబరుకు వచ్చే ఓటీపీ కొడితేనే వినిపిస్తుందట.

రీఛార్జి దండగని ఆ నంబరు ఆపించింది నేనే. ఇప్పుడది ఇంకెవరికో ఇచ్చేశారు. యాప్‌లో ఓటీపీ పంపమని నొక్కి, చెల్లెలి ఫోన్ నుంచే ఆ నంబరుకు చేసి స్పీకర్ పెట్టాను. తగరపువలస నుంచంటూ ఎవరో మనిషి ఎత్తాడు.

“బాబూ, మీకిప్పుడో ఓటీపీ వచ్చుంటాది, సెప్పండి. సనిపోయిన మా బావ పాటలు ఇనాల.”

“సచ్చినోళ్ల పేరు సెప్పి కూడా మోసం సేత్తన్నార్రా? సిగ్గు నేదేటి?” అని పెట్టేశాడు.

ఓటీపీ గడువు అరవై సెకన్లలో ఇంకా ఇరవై ఉన్నాయి. మళ్లీ చేయబోతే చెల్లి నా చెయ్యి పట్టుకుంది.

“వద్దన్నియ్యా. ఈ నంబరు నుంచి ఆయనెప్పుడూ నన్ను తిట్టనేదు.”

ఆ మనిషిది తప్పు కాదు, నేనైనా అలాగే తిట్టేవాణ్ని. బడికి పోకుండానే లెక్కలు నేర్చానని నాకు పేరు. నెలకెంత మిగులుతుందో చూశాను గానీ, ఏం పోతుందో చెల్లిని అడగలేదు. ఆ సాయంత్రం తన ఫోన్‌లోంచి బావ నంబరు తీసేసింది.