తిరగేసిన పసుపు సంచి

మా హోసూరు అంగళ్లలో ప్లాస్టిక్ కవర్లు ఇవ్వడం ఆపేసిన కొత్తలో జరిగిందిది. నిజానికి మా ఇంట్లో గుడ్డసంచులకు కొదవ లేదు. మా అమ్మాయి పెళ్లిలో తాంబూలం పెట్టి ఇవ్వడానికి అచ్చువేయించిన పసుపు సంచులు అటక మీద మూటెడు మిగిలాయి. కానీ ఆ పెళ్లి ఏడాదికే విడాకులతో ముగిసింది. సంచుల మీదేమో ఎర్రగా వధూవరుల పేర్లు! వాటిని బయటికి తీయాలంటేనే మనసొప్పేది కాదు.

చివరికొక రోజు ఒకటి తిరగేసి, అక్షరాలు లోపలికి పోయేలా చేసుకుని మార్కెట్టుకు వెళ్లాను. టమాటాలమ్మే ఆమె "సంచి తిరగేసి తెచ్చినావు కదమ్మా" అంటూ, నేను వద్దనేలోపే సరిచేసి, టమాటాలు పోసి చేతికిచ్చింది. పక్కనే బీన్స్ ఏరుతున్న మా ఆడపడుచు ఆ పేర్లు చూసి గట్టిగా అంది.

"ఇదేం వదినా, ఈ సంచి ఇంగా పారేయలేదా? నలుగురు చూస్తే ఏమనుకుంటారు?"

అందరూ నావైపే చూశారు. సిగ్గుతో తల వంగిపోయింది. మరుక్షణమే ఒళ్లు మండింది.

"ఏమన్నా అనుకోనీమ్మా. పెండ్లి నిలబడలేదు గానీ గుడ్డ గట్టిగానే ఉండాది. ఎందుకు పారేసేది?" అన్నాను. పేర్లు అందరికీ కనబడేలా పట్టుకుని ఇంటిదాకా నడిచాను.

చెబితే అమ్మాయి బాధపడుతుందనుకున్నాను. అదేమో అంతా విని, అటకెక్కి మూట మొత్తం కిందికి దించింది.

"దాని మీద ఉండేది నా పేరేమ్మా. దాచిపెట్టేదానికి నేనేం తప్పు చేసినాను?"

మరునాడు టిఫిన్ బాక్సు ఆ సంచిలోనే పెట్టుకుని ఫ్యాక్టరీ బస్సెక్కింది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరమూ సంచి తిరగేయలేదు.