సంబంధానికి పంపిన ఫోటో

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు సోఫాలో కాళ్ళు ముడుచుకు కూర్చుని, "తాతయ్యా, మీ కాలం హాలీవుడ్ హీరోల్లో అందగాడెవరో చూస్తావా?" అంటూ ఫోన్ నా ముందు పెట్టింది. నలుపు తెలుపు బొమ్మ. వెడల్పాటి నుదురు, కాస్త ఎత్తిన గడ్డం, ఎడమ చెంప మీద వెలుగు. కళ్ళజోడు లేకుండానే గుర్తుపట్టేశాను. "పాపం, ఈయన గే అట. బయటపడితే సినిమాలు పోతాయని స్టూడియో వాళ్ళు హడావుడిగా పెళ్ళి కూడా చేశారట. చచ్చేదాకా దాచుకునే బతికాడు," అంది. నేను "అలాగా" అని పేపరు తిరగేశాను. 

మా మేనమామకి కొవ్వూరులో ఫోటో స్టూడియో ఉండేది. పెళ్ళికొడుకుల ఫోటోలంటే ఆయనే తీయాలి. ఆయన కిటుకల్లా, ఏదో ఇంగ్లీషు పత్రికలోంచి కత్తిరించి కెమెరాకి సరిగ్గా పైన గోడకి అంటించిన ఈ హీరో బొమ్మే. పొలం నుంచి నేరుగా వచ్చి, స్టూడియోలో ఉన్న ఒక్క కోటూ తొడుక్కున్నవాళ్ళతో కూడా "అదిగో, అతన్ని చూడు. అలా గడ్డమెత్తు," అనేవాడు. కోటు మోచేతి దగ్గర చిరుగుండేది, అందుకని ఎవరి చేతులూ ఫోటోలో పడేవి కావు. ఆ రోజుల్లో మా వైపు సంబంధాలకి తిరిగిన ఫోటోలన్నిటిలోనూ తలలు ఒకే వాటంగా వాలి ఉండేవి.

నాకు ఆ బొమ్మలో మనిషి కొత్త కాదు. కాలవల ఆఫీసులో గుమస్తాగా చేరిన కొత్తలో, ఆదివారం పొద్దుటాట ఇంగ్లీషు సినిమాకి వంతెన దాటి రాజమండ్రి వెళ్ళేవాణ్ణి. ఇంగ్లీషు మెరుగవుతుందని ఇంట్లో చెప్పేవాణ్ణి. ఆయన సినిమాలైతే రెండోసారీ మూడోసారీ చూశాను. ఇంగ్లీషు మాత్రం ఆఫీసు ఉత్తరాలు దాటి ముందుకు పోలేదు. హీరోయిన్ ఎలా ఉందని స్నేహితులడిగితే తడుముకునేవాణ్ణి. ఆయన టోపీ తీసి జుట్టు వెనక్కి తోసుకునే తీరు మాత్రం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. ఇలాంటి ఇష్టానికొక పేరుందని ఇప్పటి పిల్లలంటారు. నేను వెతకలేదు. వాన పడిన వేళ కూడా డైరీలో రాసే మనిషిని, ఆయన గురించి ఒక్క ముక్క రాయలేదు. నా వంతు వచ్చి స్టూలు మీద కూర్చున్నప్పుడు మావయ్య, "ఒరేయ్ అల్లుడూ, నీకు చెప్పే పనే లేదే!" అని నవ్వుతూ ఫోటో తీసేశాడు.

ఆ ఫోటో నిడదవోలు ఒక సంబంధానికి వెళ్ళింది. ఆ ఇంటి అమ్మాయి చూసి సరేనంది. అప్పటినుంచీ ఇంటికొచ్చినవాళ్ళందరికీ హాల్లో గోడమీదున్న ఆ ఫోటో చూపించి, "ఎంత ప్రేమగా చూస్తున్నారో చూడండి. ఆ కళ్ళు చూసే ఒప్పుకున్నానండి," అంటుంది మా ఆవిడ. నేను పక్కన కూర్చుని మజ్జిగ తాగుతుంటాను.

ఆ ఆదివారం తను చేతులు తుడుచుకుంటూ వచ్చి మనవరాలి ఫోన్‌లోకి తొంగిచూసింది. "అయ్యో, ఈయన మీ మావయ్యగారి స్టూడియోలో ఉండేవాడు కదండీ! మా నాన్న నాకూ అక్కడే ఫోటో తీయించారు. ఆయన్ని చూడమ్మా అంటే సిగ్గేసి తల దించేసుకున్నాను." దించిన ఆ తల చూసే మా అమ్మ, అణకువ గల పిల్ల అని మురిసిపోయింది.

మా ఆవిడ నవ్వు మధ్యలో ఆగింది. గోడమీది ఫోటో వైపు చూసింది, నా వైపు చూసింది. "అయితే మీరూ...?"

మావయ్య చూడమంటే చూశానని అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. "ఊఁ. ఆయన్నే. చూడాలనే చూశాను," అన్నాను.

మనవరాలు ఫోన్ పక్కన పెట్టేసింది. మా ఆవిడ పొయ్యిమీద పాలున్నాయంటూ లోపలికి వెళ్ళింది.  నాకు సిగ్గేసింది. ఆయన్ని చూసినందుకా అంటే, కొంత అందుకూ. ఇన్నేళ్ళ అలవాటు ఒక్క పూటలో పోదు. ఎక్కువ మాత్రం, ఆ కళ్ళ మాట ఆమె అందరికీ చెప్పుకుంటుంటే పక్కన కూర్చుని మజ్జిగ తాగినందుకు.

ఈవేళ పక్కింట్లోకి కొత్తగా వచ్చినావిడ మా ఇంటికొచ్చి, "ఈ ఫోటో మీవారిదేనాండి?" అంది. నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను.

"ఆయనదేనండి. ఆ కళ్ళు చూసే ఒప్పుకున్నాను," అంది మా ఆవిడ. ఆగి, నా వైపు చూసి, "ఎవర్ని చూస్తేనేం లెండి, వచ్చింది మా ఇంటికే," అని నవ్వింది. పక్కింటావిడ అర్థంకాకపోయినా తనూ నవ్వింది.

ఆ బొమ్మ ముందు ఆమె ఒక్క క్షణంలో తల దించేసింది. ఆమె ముందు నా తల దించడానికి నాకు ఇంత జీవితం పట్టింది.