క్లిప్పుకు చాలని గుడ్డ

ఆ వీధిలో ఆవిడను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. కత్తెరమ్మ అంటేనే తెలుస్తుంది. మనిషి గుమ్మంలోకి రాగానే, టేపు తీయకుండా భుజం కొలత చెప్పేసేది. చెప్పిన కొలత తప్పేది కాదు. పని నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలు కుట్టు వంకరపోయిందని సూదినో దారాన్నో అంటే మాత్రం ఒప్పుకునేది కాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస అని అందరి ముందూ కడిగేసేది. నోరు మంచిది కాదు, చేయి మాత్రం బంగారం. ఆ నోటికి జడిసి పని మానేసినవాళ్లు కూడా తమ కూతుళ్ల బట్టలు ఆవిడ దగ్గరికే తెచ్చేవాళ్లు.

అలాంటి మనిషికి కుడి చేయి పడిపోయింది. మందులతో చాలావరకు తిరిగొచ్చింది గానీ వేళ్లలో మునుపటి చురుకు లేదు. పెద్ద బట్టలు వద్దు, చిన్న చిన్న పనులు చేయిస్తూ ఉండండి, చేయి వాడటం మానేస్తే ఉన్నది కూడా పోతుందని డాక్టరు కోడలితో చెప్పాడు. కోడలికి కుట్టు రాదు. గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకునే రకం. అయినా ఆ చేయిని నిలబెట్టే పూచీ తనమీద వేసుకుంది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆ ఇంట్లో తనను వెనకేసుకొచ్చింది ఆవిడొక్కతే మరి.

ఆఫీసులో తీరిక దొరికినప్పుడు కంప్యూటర్లో వెతికి, ఇనుప క్లిప్పు మూతి ఉండే చిన్న పర్సు నమూనా ఒకటి పట్టింది. అక్కడే ప్రింటు తీసింది. నమూనాలో చెప్పిన సైజు క్లిప్పులే బజారులో కొంది. కాగితం మూలన చిన్న చదరం ఒకటి ఉంటే, అదేదో అలంకారమనుకుని అంచులతో పాటు కత్తిరించి పారేసింది.

కత్తెరమ్మ ఎన్నడూ కాగితం పెట్టి కత్తిరించి ఎరగదు. అయినా అచ్చులో వచ్చింది గదా, తెలిసినవాళ్లు లెక్క కట్టి గీసుంటారని గుడ్డ మీద పరిచి, గీత మీదే కత్తెర నడిపింది. కుట్టు బాగానే వచ్చింది. క్లిప్పు ఎక్కించబోతే గుడ్డ చాలలేదు. లాగితే ముడతలు పడింది, ఇంకా లాగితే పిగిలింది. విప్పి కొత్త గుడ్డతో మళ్లీ కుట్టింది. మళ్లీ అంతే. ఇంకో నమూనా పెట్టి కళ్లజోడు సంచి కుడితే అందులో కళ్లజోడు దూరలేదు. కోడలు ఓపిగ్గా కొత్త ప్రింట్లు తెస్తూ, నెమ్మదిగా చేయి అదే కుదురుకుంటుందిలే అత్తయ్యా అనేది. ఆ మాటే కొంప ముంచింది. లోపం చేతిలోనే ఉందని ఆవిడకు రూఢి అయిపోయింది.

ఒకనాడు మిషను మీద దుప్పటి కప్పేసింది. తిట్టడం కూడా మానేసింది. కూరలో ఉప్పు ఎక్కువైనా తినేసి లేచిపోయేది. ఆ నోరు మూతపడటం చూస్తే కోడలికి భయం వేసింది.

అసలు సంగతి బయటపడేసరికి వానాకాలం వెళ్లిపోయింది. పిల్లలకు కాగితం బొమ్మలు చేసే ఆఫీసులో పక్క సీటు ఆవిడ ఒకరోజు ఇంకా అంచులు కత్తిరించని ప్రింటు ఒకటి చూసి, మూలన ఉన్న చదరం కొలిచావా అని అడిగింది. అది సరిగ్గా అంగుళం ఉంటేనే నమూనా సరైన సైజులో వచ్చినట్టట. గీసినవాళ్లు ఆ ముక్క పక్కనే రాసి మరీ పెట్టారు, చదివే ఓపిక ఉంటే గదా! స్కేలు పెడితే అంగుళానికి కాస్త తక్కువే ఉంది. పేజీలో పట్టేలా కుదించమన్న టిక్కు ప్రింటరులో ముందు నుంచే పెట్టి ఉంది. అంగుళానికి పోయింది కొంచెమే, క్లిప్పు దాకా వచ్చేసరికి అది చిటికెన వేలి మందమైంది.

ఆ సాయంత్రం కోడలు చెప్పులైనా సరిగా విప్పకుండా అత్తగారి మంచం దగ్గరికి వెళ్లి, కాగితం, స్కేలు ముందు పెట్టి జరిగిందంతా చెప్పింది.

"తప్పు నాది అత్తయ్యా. మీ చేతిది కాదు."

కత్తెరమ్మ స్కేలు వైపు చూడలేదు.

"ఎంతమంది పిల్లల్ని తిట్టానో, వస్తువు మీద నెపం పెట్టొద్దని. ఇప్పుడు నాకోసం నువ్వా పని చేస్తున్నావా? వద్దమ్మా. చేయి పోయిందని నాకు తెలుసు."

ఎన్ని విధాల చెప్పినా అదంతా తనను ఓదార్చడానికేనని అనుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కోడలు అసలు సైజులో ప్రింటు తీసుకొచ్చి రోజూ బతిమాలింది. ఆఖరికి ఆ పిల్ల ఏడుపు చూడలేక కత్తెరమ్మ దుప్పటి తీసి మిషను ముందు కూర్చుంది.

కత్తెర పట్టుకుంటే బొటనవేలు వంగలేదు. పని మానేసిన ఆ నెలల్లో వేళ్లు కొయ్యబారిపోయాయి. ఎడమచేత్తో వేలిని కన్నంలోకి తోసి గుడ్డ మీద కత్తెర ఆనించింది. కొంతదూరం గీత మీదే వెళ్లిన కత్తెర పక్కకి జారి పర్సు నడిమధ్య దాకా కోసేసింది. ఇంకో ముక్క తీసుకుంది. అదీ అలాగే పోయింది.

కత్తెర పక్కన పెట్టి కోడలి తల నిమిరింది.

"చూశావా, కాగితంలో తప్పేం లేదు. నువ్వు ఊరికే బాధపడ్డావు."

ఈసారి నిజంగానే కాగితంలో తప్పేమీ లేదు.