నీరటి తాత దగ్గర గుత్తకు పట్టిన కట్ట

నా చిన్నప్పుడు, పదేళ్ళకే, ఎల్లారెడ్డి బజారులో పెద్దవాళ్ళెవరూ చేయలేని బేరం నేను చేశాను: పోచారం కాలువ కట్టను గుత్తకు పట్టాను. అంత తెలివితక్కువ బేరం మా దుకాణాల వరుసలో మళ్ళీ ఎవరూ చేయలేదనుకోండి.

నీళ్ళు వదిలి కట్టను కాచే నీరటి తాత రోజూ పొద్దున్నే కోసెడు దూరం నడిచి చూసి వచ్చేవాడు. సైకిళ్ళను మాత్రం కట్ట ఎక్కనిచ్చేవాడు కాదు. నాకేమో అప్పుడే కైంచి తొక్కుడు, అంటే బారు కిందనుంచి కాలు దూర్చి తొక్కడం, వచ్చింది. గుంతల బజారులో మోకాళ్ళు చెక్కుకుపోయాయి. ఆ నున్నటి కట్ట మీదే నా మనసంతా.

మా బాపు సరుకు కోసం కామారెడ్డి వెళ్ళిన రోజే తాత కాలికి తుమ్మముల్లు దిగి పాదం వాచింది. ఎదుటివాడి అవసరం కనిపెట్టడం మా ఇంటి విద్య కదా!

"తాతా, నీ కట్ట నేను చూసొస్త. ఈ కారంత, వరి కోసేదాంక, కట్ట మీద నన్ను సైకిలు తొక్కనియ్యాలె."

"షావుకారి బిడ్డవనిపిచ్చినవ్. పో, నీళ్ళు ఏడ కారినా చెప్పు."

లంగా దోపుకొని బాపు సైకిలెక్కాను. ఒక పక్క నిండు కాలువ, ఇంకో పక్క పొట్టకొచ్చిన వరి. పూట పట్టే పనిని గంటలో ముగించి గొప్పగా తిరిగొచ్చాను.

"అంత మంచిగుంది. ఒక్కతాన జరంత కారుతున్నయ్, గంతే."

"తేటగనా, ఎర్రగనా?"

నాకేం తెలుసు? నేను చూసింది ముందు చక్రాన్నే.

తాత నవ్వు ఆగిపోయింది. కర్ర పట్టుకొని కుంటుతూ బయలుదేరాడు. తేట నీళ్ళు ఉత్త ఊటేనని, ఎర్రగా వస్తే కట్టను లోపల్నుంచి తింటున్నట్టని దారిలో చెప్పాడు. సైకిలు తోసుకుంటూ వెనకే నడిచాను.

ఎర్రగానే కారుతున్నాయి. ఎండ్రకాయ తొలిచిన బొక్క నా పిడికిలంత అయింది. సరిగ్గా దాని కిందే ఒక ఒంటరి అవ్వ మడి, ఆమె ఏడాది తిండి. తాత కాలువలోకి దిగి, బొక్క నోటిని పాదంతో వెతికి, దానికి అడ్డంగా నిలబడ్డాడు. నేను గడ్డీ జిగటమన్నూ పిసికి ముద్దలు అందించాను. మధ్యాహ్నానికి ధార తేటపడి, ఆగిపోయింది.

అవ్వ పరుగెత్తుకొచ్చింది. "ఏందయ్యా, షావుకారి పిల్లను బురదల దింపినవ్?"

"నా కాలు నొస్తుంటే తోడొచ్చిందవ్వా" అన్నాడు తాత. నా తప్పు ఆమెకే కాదు, మా బాపుకూ చెప్పలేదు. బేరమూ తప్పలేదు. "తొక్కుకో బిడ్డా. తడి కనపడితె దిగు" అన్నాడంతే.

ఇప్పటికీ ఏ గట్టు మీద తడి కనిపించినా దిగి, వంగి, నీళ్ళ రంగు చూస్తాను. ఇక ఆ బేరం లెక్క ఉన్నదున్నట్టు చెప్పాలంటే: నాకు కారంతా కట్ట దక్కింది, అవ్వకు వడ్లు దక్కాయి. తాత పది రోజులు కాలు కింద మోపలేకపోయాడు.