అత్తమ్మ అనని మాట

మా అత్తమ్మ ఒక దయ్యం సినిమాలో ఉంది. మొత్తం కలిపి పది సెకన్లు. ఆ పది సెకన్ల కోసం మా చిన్న మంగళారం నుంచి రెండు ఆటోల నిండా ఆడవాళ్లం చేవెళ్లకు మ్యాట్నీ ఆటకు వెళ్లాం. సినిమా బాగాలేదని ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. నాకు మాత్రం దాని గురించి రాయాలని ఉంది. పాప నా పక్కనే నిద్రపోతోంది. మళ్లీ పాలకు లేచేదాకా గంటో గంటన్నరో దొరుకుతుంది.

ముందు జరిగింది చెప్పాలి. పాప పుట్టిన మూడో రోజు, ఇంకా దవాఖానలో ఉండగానే, పాలు తాగుతూ ఊపిరి తిరగక నీలంగా మారింది. నర్సు పరుగెత్తుకొచ్చి బోర్లా పట్టుకుని వీపు మీద తట్టింది. పాప ఏడ్చింది. అంతే, అర నిమిషం కూడా పట్టలేదు. "ఏం కాలేదమ్మా, పిల్లలకు అవుతుంటుంది" అని డాక్టరమ్మ వెళ్లిపోయింది. పాపకు నిజంగానే ఏమీ కాలేదు. నాకు అయింది. ఆ రోజు నుంచి పాప నిద్రపోతే నాకు నిద్ర రాదు. లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. వెచ్చగా గాలి తగిలితే పడుకుంటాను. పది నిమిషాలకు మళ్లీ లేస్తాను. బీఎస్సీ చదివాను. ఊపిరితిత్తుల బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, పూర్తి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ చదువు నా వేలిని ఆపలేకపోయింది.

ఒకరోజు అత్తమ్మ చూసింది. తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటూ మధ్యలో ఉయ్యాల మీదికి వంగి, పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఉన్నాను. ఆమె గుమ్మంలోనే రెండడుగులు వెనక్కి వేసింది. సాయంత్రానికి నా ఎడమ చేతికి నల్లదారం కట్టింది. బాలింతకు గాలి సోకిందన్న మాట మా ఇంట్లో పుట్టి పక్కింటి వదిన దాకా వెళ్లింది. ఒక శుక్రవారం, నేను వంటింట్లో ఉన్నానని తెలిసే, అత్తమ్మ మా ఆయనతో అంది:

"దాన్ల మనిషి లేదురా ఇప్పుడు. పిల్లను దాని పక్కల పండవెట్టొద్దు."

ఆ రోజు నుంచి ఉయ్యాల ఆమె గదిలోకి మారింది. పాలకు పాపను తెచ్చి ఇస్తుంది, తాగగానే తీసుకెళ్తుంది. వచ్చే అమావాస్యకు నన్ను ఒక మనిషి దగ్గరికి తీసుకెళ్లాలని కూడా తీర్మానమైంది. వేపమండలతో కొట్టి గాలి వదిలిస్తాడట. మా ఆయన మొయినాబాద్‌లో హార్డ్‌వేర్ షాపులో పనిచేస్తాడు, పొద్దున వెళ్లి చీకటి పడ్డాక వస్తాడు. "అమ్మ మాట జర విను. ఒక్కసారి పోయొస్తే ఆమెకు గూడ నిమ్మళమైతది" అన్నాడు. నాకు ఏమవుతుందో అతను అడగలేదు. నేనూ ఎదురు చెప్పలేదు. నాలో నిజంగానే ఏదో దూరిందేమోనని అప్పటికి నాకే అనుమానంగా ఉంది.

అమావాస్య ఐదు రోజులు ఉందనగా సినిమా విడుదలైంది.

నాకు ఆరో నెల ఉన్నప్పుడు మా ఊరి ఫామ్‌హౌస్‌లో ఆ సినిమా షూటింగ్ జరిగింది. సిటీవాళ్లు పుట్టినరోజు పార్టీలు చేసుకునే ఇల్లు అది. ఈతకొలను మీద పలకలు పరిచి మట్టి పోశారు, గోడలకు మసి పూశారు, కొత్త కిటికీలకు బూజు అతికించారు. గేటు దగ్గర భయపడుతూ మాట్లాడుకునే ఆడవాళ్లు కావాలంటే మా ఊరివాళ్లనే ఆరుగురిని నిలబెట్టారు. ముందు వరసలో అత్తమ్మ. ఆమె ఒకసారి వార్డు మెంబరుగా గెలిచింది, ఊళ్లో ఇప్పటికీ మెంబరమ్మ అనే పిలుస్తారు. అప్పటి నుంచి ఎవరు ఇంటికొచ్చినా "మెయిన్ సీను నాదే" అని చెప్పుకునేది.

నన్ను మాత్రం తీసుకెళ్లనంది.

"గాలి సోకిన మనిషి దయ్యం సినిమా చూస్తదా? ఇంట్ల ఉండు."

"పాపను మీరు తీస్కపోతే పాలు ఎట్ల మరి?"

"పిల్లను ఇంట్ల ఇడిస్త."

"నా దగ్గర ఇడుస్తరా?"

 నా దగ్గర పాపను ఒంటరిగా వదలడం కుదరదు, తను సినిమాకు వెళ్లకుండా ఉండటం అంతకన్నా కుదరదు. చివరికి ముగ్గురం ఆటో ఎక్కాం. పాప బట్టల సంచిలో అత్తమ్మ వేపరెమ్మ, నిమ్మకాయ పెట్టింది.

పాప ఏడిస్తే బయటికి వెళ్లొచ్చని వెనక వరసలో తలుపు పక్కన కూర్చున్నాం. నేను, పాప, అత్తమ్మ, అటు పక్కింటి వదిన. హాల్లో సగానికి పైగా మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. కనకమామిడి నుంచీ, ముడిమ్యాల నుంచీ వచ్చారు. తమ ఊరి ఇంటిని తెర మీద చూద్దామని వచ్చినవాళ్లను అదే ఇంటితో భయపెట్టడం ఎవరి తరం?

తెర మీద ఉరుము ఉరిమింది. వందేళ్లుగా ఎవరూ అడుగుపెట్టని బంగళా అని ఒక బొంగురు గొంతు చెప్పింది.

"ఏ, మొన్ననే గా ఇంట్ల మా తమ్ముని రిసెప్షన్ అయింది!" అని ముందు నుంచి ఎవరో అరిచారు.

హీరో చీకట్లో టార్చి పట్టుకుని మెట్ల కిందికి వెళ్తుంటే "ఎడమకు పో అన్న, స్విచ్చి ఆడ్నే ఉన్నది" అన్నాడు ఇంకొకాయన. ఆ ఇంటికి కరెంటు పని చేసింది ఆయనేనట. దయ్యం చూపు పడి పశువులు చచ్చిపోయే సీనులో చచ్చిపోవలసిన బర్రె తీరిగ్గా నెమరు వేస్తోంది. "అగో, మా బర్రె!" అని ఒక పెద్దమ్మ లేచి నిలబడింది. "సచ్చిందంటున్రు, పొద్దుగాల్నే పాలు పిండినం గద!" ఈలలు ఆగలేదు. పాప ఇంత గోలలోనూ నా ఒళ్లో నిద్రపోతోంది. అలవాటు కొద్దీ చూసుకున్నాను. గాలి ఆడుతోంది.

అప్పుడు దయ్యం వచ్చింది. దయ్యం ఒక బాలింత.

తెల్లచీర, విరబోసిన జుట్టు. ఉయ్యాల దగ్గరికి మెల్లగా నడిచింది. వంగింది. బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టింది.

 అత్తమ్మ నా వైపు తిరగడం చీకట్లో కూడా తెలిసింది. ఇంతసేపూ నవ్విన హాలు ఇప్పుడు భయపడుతుందని, తెర మీది మనిషిని చూసి అందరూ కెవ్వుమంటారని అనిపించింది. లేచి వెళ్లిపోదామని పాపను భుజాన వేసుకున్నాను.

"బతికే ఉన్నది తియ్యక్కా! పో, పోయి పండుకో!" అన్నాడు ఒకాయన.

హాలంతా నవ్వు. ఆ నవ్వు మీదుగా ఆడవాళ్ల వైపు నుంచి ఒక గట్టి గొంతు వినిపించింది. "నేను గూడ గట్లనే చూస్తుంటి మా పెద్దోడు పుట్టినప్పుడు. మరి నేను గూడ దయ్యాన్నేనా?"

"నువ్వు ఇప్పటికీ దయ్యానివే!" అని పక్కనున్న ఆమె అంది.

"మా చెల్లె అద్దం వెట్టి చూస్తుండె" అని మరొకామె. "అద్దం మీద ఆవిరొస్తెనే పండుకునేది."

ఎవరో నాకు తెలియదు, ముఖాలు కూడా చూడలేదు. వేలు పెట్టి చూసేవాళ్లు, అద్దం పెట్టి చూసేవాళ్లు ఒక్క హాల్లో ఇంతమంది ఉన్నారు. ఐదు నెలలుగా ఈ పని ప్రపంచంలో నేనొక్కదాన్నే చేస్తున్నాననుకున్నాను. లేవబోయినదాన్ని మళ్లీ కూర్చున్నాను. నవ్వాను కూడా. నా నవ్వు నాకే వినిపించి చాలా రోజులైందని అప్పుడు తెలిసింది.

విరామానికి కొంచెం ముందు అత్తమ్మ సీను వచ్చింది. గేటు దగ్గర ఆరుగురు ఆడవాళ్లు. ఈలలు, చప్పట్లు. "మెంబరమ్మ! మెంబరమ్మ!" అని కేకలు. అత్తమ్మ కొంగు సర్దుకుని కూర్చుంది. తెర మీద కూడా కొంగు సర్దుకునే ఉంది. కళ్లు పెద్దవి చేసి కెమెరా వైపే చూస్తూ పెదవులు కదిపింది. వినిపించింది మాత్రం వేరే ఎవరిదో సన్నని గొంతు, కృష్ణా జిల్లా యాసలో:

"ఆవిడలో మనిషి లేదండీ బాబూ! బిడ్డని ఆవిడ పక్కన పడుకోబెట్టమాకండి!"

హాలు విరగబడి నవ్వింది. "ఓ మెంబరమ్మ, గా భాష ఎప్పుడు నేర్సినవే?" "విజయవాడల ఏమన్న భూమి కొన్నవా?" పక్కింటి వదిన అయితే కొంగు నోట్లో కుక్కుకుని వంగిపోయింది.

అత్తమ్మ లేచి నిలబడింది. "నేనట్ల అనలే!" అని హాలు మొత్తానికి వినపడేలా అరిచింది. "ఒకటి రెండు మూడు అనుమన్నరు. పది దాక లెక్క వెట్టిన, గంతే! గా మాట నాది కాదు!"

అది నిజం. షూటింగ్ రోజు మాటలు తర్వాత వేసుకుంటామని చెప్పి, భయపడిన ముఖంతో అంకెలు చదవమన్నారు. ఆమె పెదవుల మీద ఉన్నది ఆరో ఏడో. అయినా ఎవరు వింటారు? ఆమె ఎంత అరిస్తే అంత నవ్వారు. కూర్చుని నా వైపు తిరిగింది. ఆమె కళ్లలో నీళ్లు. "చూడు బిడ్డా, అనని మాట నా నోట్ల వెట్టిన్రు."

నాకు జాలి వేసింది. నోరు మూసుకుని ఉండాల్సింది కూడా. ఉండలేకపోయాను.

"ఇంట్ల అన్నరు గద అత్తమ్మా. మొన్న శుక్రారం. గిదే మాట. నేను వంటింట్ల ఉన్న."

వదిన నవ్వు ఆపేసింది. అత్తమ్మ తెర వైపు తిరిగింది. సినిమావాళ్లు మా ఇంట్లో దాక్కుని విన్నారని కాదు. ఇలాంటి సినిమాల్లో ఇలాంటి మాట ఒకటి ఉంటుంది, చాలా ఇళ్లలోనూ ఉంటుంది. ఇంట్లో అన్నప్పుడు అది పెద్దల మాట. చేవెళ్ల హాల్లో దానికి ఈలలు వేశారు.

విరామం తర్వాత మంత్రగాడు వేపమండలతో వచ్చాడు. కొట్టిన ప్రతి దెబ్బకూ గడ్డం ఒక పక్క ఊడుతోంది. "ముందుగాల నీ గడ్డం సక్కగ అతికిచ్చుకో సామీ!" అన్నారు. చివరికి బాలింత పొగై పోయింది. బిడ్డను ముసలామె చేతుల్లో పెట్టారు, అందరూ సంతోషంగా ఉన్నారని చెప్పడానికి తెరంతా వెలుతురు నింపారు. అప్పుడు ఇందాకటి గట్టి గొంతే మళ్లీ లేచింది.

"అంత మంచిగనే ఉన్నది గని, పాలెవలిస్తరు? ముసల్దిస్తదా?"

జనం నవ్వుకుంటూనే పేర్లు పడకముందే లేచిపోయారు. పైసలు దండగన్నారు, రెండున్నర గంటలు పోయాయన్నారు. నేను చివరిదాకా కూర్చున్నాను.

ఆటోలో అత్తమ్మ బయటికి చూస్తూ కూర్చుంది. మొయినాబాద్ రాకముందే పాప లేచింది, చున్నీ కప్పి పాలిచ్చాను. తాగాక ఆమె ఎప్పటిలాగే చేతులు చాచింది. నేను ఇవ్వలేదు. ఇంటికి వెళ్లాక ఆమె గదిలోంచి ఉయ్యాల తెచ్చి నా మంచం పక్కన పెట్టుకున్నాను. బరువుగా ఉంది, ఒక కాలు గడపకు తగిలి గీత పడింది.

"ఏందే గిది?" అంది అత్తమ్మ.

"పాప నా పక్కల పండుకుంటది."

"ఏమన్న అయితే?"

"ఏమన్న అయితే అనే గద అత్తమ్మా, నేను లేసి చూసేది."

మా ఆయన వచ్చాక ఇంట్లో గొడవ జరిగింది. ఊరిముందు అత్తను నవ్వులపాలు చేశానన్నారు. నవ్వించింది నేను కాదు, ఆ సినిమా తీసిందీ నేను కాదు అన్నాను. చేతికి ఉన్న నల్లదారం కత్తెరతో కోసి బల్ల మీద పెట్టాను. అమావాస్య నాడు పొద్దున్నే ఆటో గుమ్మం ముందుకొచ్చి హారన్ కొట్టింది. నేను మంచం మీద నుంచి లేవలేదు.

"నాకు నిద్ర వడ్తలేదు" అని మా ఆయనతో చెప్పాను, అత్తమ్మ వింటుండగానే. "పాప ఊపిరి ఆగిపోతదని భయమైతది. రోజంత అదే భయం. నాకేం లేదని నేను అంటలేను. దవాఖానకు తీస్కపో, వస్త. వేపమండలకు రాను. ఎత్తుకపోయినా రాను."

ఆటో హారన్ మళ్లీ మోగింది.  మా ఆయన బయటికి వెళ్లి ఆటో అతనితో ఏదో మాట్లాడాడు. వచ్చి, "చేవెళ్ల దవాఖానకే పోదం. పాప బట్టలు సర్దు" అన్నాడు.

అక్కడి డాక్టరమ్మ నా మాటలు మధ్యలో ఆపకుండా విన్నది. ఇలా చాలామందికి అవుతుందని, దీనికి వైద్యం ఉందని, పాలిచ్చేవాళ్లు వేసుకోదగ్గ మాత్రలే రాస్తున్నానని చెప్పింది. రెండు వారాలకోసారి రమ్మంది. సగం రాత్రి పాప కోసం మీరు లేవాలని మా ఆయనకు గట్టిగా చెప్పింది. లేస్తున్నాడు, గొణుగుతూ. నేను నిన్న రాత్రి కూడా నాలుగుసార్లు లేచాను. వెనకటి కన్నా తక్కువే. ఎక్కువైనా దాచను.

అత్తమ్మ మారలేదు. సినిమా అంతా అబద్ధమని, గాలి మాత్రం నిజమని ఇప్పటికీ అంటుంది. ఆ రోజు దవాఖాన నుంచి రాగానే మాత్రల కవరు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"వచ్చే అమావాస్యకు నువ్వే నన్ను బతిలాడుతవ్ చూడు, తీస్కపో అత్తమ్మా అని."

నేను ఆమె చేతిలోంచి మాత్రలు తీసుకున్నాను. పాపను ఇంకో చేతికి మార్చుకున్నాను.

"అప్పుడు గూడ రాను అత్తమ్మా. ఇప్పుడే చెప్తున్న, ఆటో పిలువకుండ్రి."