మొగులప్ప కాకా ఖాకీ చొక్కా

మా రెబెక్క మేడానికి భయమంటే ఏమిటో తెలియదని తాండూరులో అందరూ అనుకుంటారు. పక్క గదిలో కూర్చునే గుమాస్తాను, నాకు తెలుసు ఆవిడ భయం ఎంతో! పెద్దేముల్‌లో కూలికి పోయే ఇంట్లో పుట్టి, షేర్ ఆటోల్లో వేలాడుతూ చదువుకుని, ఇక్కడి యూనివర్సిటీ క్యాంపస్‌కు డైరెక్టరైంది. బండల పాలిష్ యూనిట్లకు పనికొచ్చే కోర్సు పెడతానని యజమానుల గడపలన్నీ తొక్కింది.

"సర్టిఫికెట్లు మస్తున్నయి మేడం, రాయి తెలిసినోడే లేడు," అన్నారు వాళ్లు.

రాయి తెలిసినవాడు మొగులప్ప. నలభై ఏళ్లు గనిలో పనిచేశాడు. బండ మీద సుత్తితో ఒక్క దెబ్బ వేసి, చప్పుడు విని, లోపల పగులుందో లేదో చెప్పేస్తాడు. బడి గడప మాత్రం ఎక్కలేదు. డిగ్రీ లేనివాణ్ని పాఠానికి పెట్టుకోవడం నిబంధనలకు విరుద్ధం. అందుకని మేడం ఆయన పేరు వాచ్‌మన్ ఖాళీలో రాయమంది. రాసింది ఎవరు? పరశురాం అనే ఈ మహానుభావుడే.

మొన్న సోమవారం తనిఖీకి యూనివర్సిటీ నుంచి అరుణాదేవి గారు వచ్చారు. తప్పుడు రాత బయటపడితే కోర్సు రద్దు. ఇరవై రెండు మంది పిల్లల ఏడాది గంగపాలు.

"కాకా, ఇయ్యాల ఖాకీ చొక్కా తొడుక్కొని గేటు కాడ్నే ఉండుండ్రి," అంది మేడం పొద్దున్నే, ఆయన మొహం చూడలేక.

"గట్లనే బిడ్డా. ఫికర్ చెయ్యకు."

ఆయన్ను సార్ అని పిలవొద్దని పిల్లలకూ చెప్పి వచ్చింది. "పరశురాం, నాకు భయమైతుంది," అంది నాతో. నాకుంటే కదా ధైర్యం చెప్పడానికి!

అరుణాదేవి గారు రిజిస్టర్లు చూశారు, యంత్రాలు చూశారు. క్లాసులో హాసిని అనే అమ్మాయి బండ మీద సుత్తి వేసి, "దీని లోపల పగులుంది మేడం," అంది.

"ఎవరు నేర్పారమ్మా?"

హాసిని తల దించుకుంది. అంతలో రాతిదుమ్ముకు అరుణాదేవి గారికి దగ్గు తెర వచ్చింది. నేను కంగారులో కిటికీలోంచి గేటు వైపు కేకేశాను, "నీళ్లు తేండ్రి!" అని. నా నోరు పడిపోను!

ఖాకీ చొక్కాతో మొగులప్ప నీళ్లసీసా పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఇరవై రెండు మందీ ఒక్కసారి లేచి నిలబడ్డారు. సార్ అనొద్దని చెప్పాం గానీ, లేవొద్దని చెప్పలేదు.

"కూసోండ్రి," అన్నాడు ఆయన అలవాటు కొద్దీ. అని నాలుక కరుచుకున్నాడు.

అరుణాదేవి గారు సీసా అందుకుని, "ఈయన మీ వాచ్‌మనా?" అన్నారు.

అవునంటే గండం గడిచేది. అవునను తల్లీ అని లోపల మొక్కుకుంటున్నాను.

"కాదు మేడం. వీళ్ల సార్," అంది రెబెక్క మేడం. "రిజిస్టర్ల అబద్ధం రాయించింది నేనే."

"అదే రాస్తే కోర్సు ఆగిపోవచ్చు, తెలుసా?"

"తెలుసు మేడం. కానీ ఈయన్ను ఇంకోసారి గేటు కాడ నిలబెట్టుడు నాతోని కాదు."

అరుణాదేవి గారు నీళ్లు తాగి, ఫైలు తీసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు మేడం ఆ ఖాకీ చొక్కా అడిగి తీసుకుని బీరువాలో పెట్టింది. మొగులప్ప తెల్లచొక్కాతో క్లాసుకు పోతున్నాడు. కోర్సు ఉంటుందో పోతుందో చెప్పే ఉత్తరం ఇంకా రాలేదు. గేటు దగ్గర ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను, పోస్ట్‌మన్ బండి చప్పుడు వినిపిస్తే గుండె పట్టుకుని.