పన్నెండు తలల మొక్కు

నర్సింలన్న రికార్డు ముందే చెప్పేస్తాను, తర్వాత ఎవరూ మోసపోయామనుకోకూడదు. బహ్రెయిన్‌లో, తుబ్లీలోని మా లేబర్ క్యాంపు ఫుట్‌బాల్ జట్టుకు తొమ్మిదేళ్ళుగా ఆయనే కోచ్. ఆడినవి అరవై రెండు మ్యాచ్‌లు. ఓడినవి యాభై నాలుగు, డ్రా ఏడు, గెలుపు ఒకటి.

డ్యూటీలో ఆయన సెంట్రింగ్ మేస్త్రీ. జగిత్యాలలో ఇంటర్ చదివేటప్పుడు కాలేజీ జట్టులో ఉన్నాడు. రెండేళ్ళూ బెంచీ మీదే కూర్చున్నాడు. మిగతావాళ్ళం ఆ బెంచీ కూడా ఎరగం కాబట్టి ఆయన్నే కోచ్‌ని చేశాం. నేను రైట్ బ్యాక్‌ని.

ఆ ఒక్క గెలుపు ఐదేళ్ళ కిందటిది. గలాలీ మైదానంలో, మలయాళీల జట్టు మీద. ఐదు నిమిషాల ఆట మిగిలింది, ఇద్దరికీ గోల్ లేదు. నర్సింలన్న గీత పక్కన కళ్ళు మూసుకుని వేములవాడ రాజన్నకు మొక్కాడు. వెంటనే బంతి పరశురాం మోకాలికి తగిలి గోల్లోకి పోయింది. పరశురాం అప్పుడు వేరే వైపు చూస్తున్నాడు.

తిరుగు బస్సులో అసలు సంగతి బయటపడింది.

“గెలిస్తే పన్నెండు మందిమి గుండ్లు చేయించుకుంటమని మొక్కిన. పదకొండు మీయి, ఒకటి నాది.”

“మా నెత్తులు నీకెవరిచ్చిన్రే అన్నా?” అన్నాడు గోలీ కిషన్.

“కోచ్‌ను గదరా.”

పరశురాంకు అప్పటికే బట్టతల. “నాకేమున్నయన్నా ఇయ్యనీకి?”

“చెవుల పక్కకున్నయి గద, అవ్వే ఇయ్యి.”

వెంట్రుకలు రాజన్న దగ్గరే ఇవ్వాలి. మా కంపెనీలో సెలవు రెండేళ్ళకొకసారి, అదీ వంతుల ప్రకారం. ఈలోగా జట్టు ఓడిపోతూనే ఉంది. ఇదివరకూ ఓడిపోయేది కానీ కారణం తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసింది: మొక్కు తీరలేదు. ఆయన మా పేర్లు నోటుబుక్కులో రాసుకున్నాడు. ఊరెళ్ళినవాడు గుండు ఫొటో పంపితే పేరు పక్కన టిక్కు పడేది.

తన వంతు మొదటిసారి వచ్చినప్పుడు కిషన్‌కిచ్చాడు. రెండోసారి పరశురాంకిచ్చాడు. “నాది ఆఖర్న,” అన్నాడు.

ఇంటి దగ్గర ఆయన భార్య జమున శుక్రవారం శుక్రవారం వీడియో కాల్ చేసేది. ఎప్పుడొస్తావని అడగడం మానేసి చాలా కాలమైంది. “ఇంకెన్ని నెత్తులున్నయి?” అనేది. “నాలుగు,” అనేవాడు ఈయన. తర్వాత కొన్నాళ్ళకు “మూడు.” పక్క మంచం మీద వింటుంటే ఆయన మీద నాకు ఒళ్ళు మండేది.

ఈ ఏడు రంజాన్ తర్వాత పదకొండో టిక్కు పడింది. అది నాది. ఇక ఆయనొక్కడే మిగిలాడు, వంతు కూడా వచ్చింది. దాన్ని తీసుకెళ్ళి బాబుకిచ్చాడు. బాబు ఆ మ్యాచ్‌లో ఆడనే లేదు, సబ్‌స్టిట్యూట్.

“బెంచీ మీద కూసున్నోడు గూడ టీమే గద జమునా. ఇంకో రెండేండ్లే.”

జమున ఫోన్ పెట్టేసింది.

పది రోజులకు మళ్ళీ చేసింది. వెనక గుడి మెట్లు కనిపిస్తున్నాయి. తల మీది కొంగు తీసింది. నున్నటి గుండు, మీద గంధం.

“పన్నెండోది ఐపోయింది. నీ పేరు మీద నేనిచ్చిన. ఇగ రాజన్న నిన్నేమడగడు. నేనడుగుతున్న. రా.”

నర్సింలన్న గదిలో అందరి ముందూ ఏడ్చాడు. మాకు ఎటు చూడాలో తెలియలేదు. కాసేపటికి నోటుబుక్కు తీసి, తన పేరు కొట్టేసి, జమున అని రాసి టిక్కు పెట్టాడు. బాబు అడక్కుండానే వంతు వెనక్కిచ్చేశాడు.

ఆయన గురువారం విమానమెక్కాడు. శుక్రవారం మేము మూడు గోల్స్ తేడాతో ఓడిపోయాం. మొక్కు తీరినా ఇదేమిటని అడుగుదామని రాత్రి ఫోన్ చేశాను.

“ఇప్పుడు గాదురా,” అన్నాడు. “జమున నెత్తికి నూనె వెడుతున్న.”

స్కోరెంతని కూడా అడగలేదు.